పోయిన సొమ్ము, దాచిన మాట

మా ఖాలాకు అరవై రెండేళ్లు. భర్త పోయిన నాటి నుండి కుట్టుమిషను మీద, మగ్గం పని మీద ఇల్లు నెట్టుకొచ్చారు. మనవరాలి నర్సింగ్ చదువు ఫీజు కోసం రెండేళ్లుగా కూడబెట్టిన సొమ్ము ఆమె పొదుపు ఖాతాలో ఉంది. ఒక గురువారం రాత్రి ఇషా నమాజు ముగించి ఆమె ఫోను చేతిలోకి తీసుకుంటే బ్యాంకు నుండి మూడు మెసేజ్‌లు వచ్చి ఉన్నాయి. ఒకటి 18,500 రూపాయలకు, మిగిలిన రెండూ 4,900 రూపాయల చొప్పున. మొత్తం 28,300 రూపాయలు ఆమె డెబిట్ కార్డు ద్వారా ఏదో విదేశీ దుకాణానికి చెల్లించినట్లు వాటి సారాంశం. కార్డు మాత్రం బీరువాలో, చీర మడతల మధ్య భద్రంగానే ఉంది. ఓటీపీ రాలేదు, ఎవరూ ఫోను చేసి ఏమీ అడగలేదు.

ఆ రాత్రి ఖాలా ఎవరికీ చెప్పలేదు. మరునాడూ చెప్పలేదు. తరువాతి బుధవారం ఉదయం మనవరాలు ఫీజు తేదీ గుర్తు చేసినప్పుడు గాని విషయం బయటపడలేదు.

“ఇన్ని రోజులు ఎందుకు దాచారు ఖాలా?” అని అడిగాము.

“మీరందరూ ఏమంటారోనని” అన్నారామె, తల ఎత్తకుండా.

ఆ జవాబు మమ్మల్ని నిలదీసింది. అంతకు ముందు ఏడాది ఆమె ఏటీఎం వద్ద పిన్ నంబరు మూడుసార్లు తప్పుగా నొక్కితే కార్డు పని చేయడం మానేసింది. ఆ రోజు దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని అందరం ఆ సంగతి చెప్పుకుని నవ్వాము. మేమూ ఆ నవ్వులో ఉన్నాము. మేము మరచిపోయాము గాని, ఆమె మరచిపోలేదు.

ఆ మౌనం ఎంత ఖరీదైనదో బ్యాంకుకు వెళ్లిన తరువాత తెలిసింది. ఖాతాదారు అనుమతి లేకుండా జరిగే ఎలక్ట్రానిక్ లావాదేవీల విషయంలో ఎవరి బాధ్యత ఎంత అన్నది నిర్ణయిస్తూ భారతీయ రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక సర్క్యులర్ జారీ చేసింది. దాని ప్రకారం తప్పు బ్యాంకుదైతే ఖాతాదారు నష్టపోవలసిన పని లేదు. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక, మూడో వ్యక్తి మోసం వల్ల సొమ్ము పోయినట్లయితే, సమాచారం అందిన మూడు పనిదినాల లోపు బ్యాంకుకు తెలియజేసినవారిపై భారం ఏమీ పడదు. నాలుగు నుండి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే, సాధారణ పొదుపు ఖాతాదారు ఒక్కొక్క లావాదేవీకి 10,000 రూపాయలు గాని, పోయిన మొత్తం గాని, ఏది తక్కువైతే అది భరించాలి. కనీస నిల్వ అవసరం లేని ప్రాథమిక పొదుపు ఖాతాలకు ఈ పరిమితి 5,000 రూపాయలు. ఏడు పనిదినాలు దాటితే ఆ బ్యాంకు తన విధానం ప్రకారం నిర్ణయిస్తుంది.

ఇప్పుడు ఖాలా లెక్క చూడండి. సమాచారం అందిన రోజును లెక్కించరు. శుక్రవారం మొదటి పనిదినం. ఆ వారం రెండో శనివారం, ఆదివారం సెలవులు. సోమవారం రెండోది, మంగళవారం మూడోది. మేము బ్యాంకు గుమ్మం తొక్కిన బుధవారం నాలుగోది! ఒక్క రోజు ముందు వెళ్లి ఉంటే ఆమె భరించవలసినది సున్నా. ఒక్క రోజు ఆలస్యానికి పెద్ద లావాదేవీలో 10,000, చిన్న వాటిలో 4,900 చొప్పున, వెరసి 19,800 రూపాయలు ఆమె మీద పడింది. విచారణ ముగిశాక 8,500 రూపాయలు మాత్రమే ఖాతాలో తిరిగి జమ అయింది.

మరి ఓటీపీ లేకుండా సొమ్ము ఎలా పోయింది? మన దేశంలో ఇంటర్నెట్ ద్వారా కార్డుతో చెల్లించేటప్పుడు ఓటీపీ వంటి రెండో తనిఖీ తప్పనిసరి. విదేశాల్లోని అనేక దుకాణాలు అలా అడగవు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనుక ఉన్న మూడు అంకెలు తెలిస్తే చాలు. అందుకే 2020 నుండి కొత్త కార్డులు దేశంలోని ఏటీఎంలు, దుకాణాల యంత్రాల వద్ద మాత్రమే పనిచేసేలా ఇస్తున్నారు. ఇంటర్నెట్ కొనుగోళ్లు, విదేశీ లావాదేవీలు కావాలంటే మనమే ఆ సౌకర్యాన్ని తెరవాలి. ఖాలా కార్డుకు విదేశీ సౌకర్యం తెరచి ఉంది. తెరచినది ఆమె కాదు. ఏదో పరీక్ష రుసుము చెల్లించడానికి ఆమె కుమారుడే ఒకప్పుడు తెరచి, తిరిగి మూయడం మరచిపోయాడు. ఎవరి మందలింపుకు ఆమె భయపడిందో, ఆ చేతి పొరపాటే తలుపు తీసి ఉంచింది. అతను ఆ రోజు చాలాసేపు మాట్లాడలేదు.

ఇలాంటి ఆపద ఏ ఇంటికైనా రావచ్చు గనుక, చేయవలసిన పనులను వరుసగా చెబుతున్నాము.

మొట్టమొదట కార్డును నిలిపివేయించాలి. బ్యాంకు యాప్‌లో గాని, కార్డు వెనుక లేదా పాస్‌పుస్తకంపై ముద్రించిన నంబరుకు ఫోను చేసి గాని ఈ పని చేయవచ్చు. ఆ కంగారులో ఇంటర్నెట్‌లో నంబరు వెదకకండి. మోసగాళ్లు బ్యాంకుల పేరిట తమ నంబర్లను అక్కడ పెట్టి కాచుకుని ఉంటారు. ఫిర్యాదు నంబరు, సమయం రాసి పెట్టుకోండి.

వెంటనే 1930కి ఫోను చేయండి. సైబర్ ఆర్థిక మోసాల కోసం ఏర్పాటు చేసిన జాతీయ సహాయ నంబరు ఇది. దొంగిలించిన సొమ్ము చేతులు మారక ముందే దానిని ఆపగలిగే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఆపై బ్యాంకు శాఖలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తేదీతో, ముద్రతో రసీదు తీసుకోండి. ఫోనులోని మెసేజ్‌లను చెరిపివేయకండి. ఫిర్యాదు అందిన పది పనిదినాల లోపు బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలని, 90 రోజుల లోపు ఫిర్యాదును తేల్చాలని అదే సర్క్యులర్ చెబుతోంది. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేసే భారం కూడా బ్యాంకు మీదే ఉంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తి కలిగించకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఎలాంటి రుసుమూ లేకుండా ఫిర్యాదు చేసుకోవచ్చు.

ఓటీపీ తామే చెప్పివేసినవారు “ఇక మాకు దిక్కెవరు” అని కూర్చోకూడదు. అలాంటి సందర్భంలో బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం ఖాతాదారుదే అయినా, తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుది. కాబట్టి తప్పు చేసినవారికి తొందర మరింత అవసరం. పోయిన సొమ్ము తిరిగి ఇప్పిస్తామంటూ ముందుగా రుసుము అడిగేవారిని కూడా నమ్మకండి. అది రెండో దోపిడీ.

ఇవి గాక, ఈ వారంలోనే చేయదగిన పనులు రెండున్నాయి. ఇంట్లోని ప్రతి కార్డుకు విదేశీ సౌకర్యం మూసి ఉందో లేదో చూడండి, ఖర్చు పరిమితిని తగ్గించండి. అలాగే పెద్దల ఖాతాలకు ఏ ఫోను నంబరు జతపరచి ఉందో కనుక్కోండి. గల్ఫ్‌కు వెళ్లిన కుమారుని పాత నంబరే ఇప్పటికీ తల్లి ఖాతాకు ఉన్న ఇళ్లు మాకు తెలుసు. హెచ్చరిక వచ్చినా, చదివేవారు లేకపోతే ఏమి లాభం?

ఖాలా మనవరాలి ఫీజుకు పడిన లోటును కుటుంబమంతా తలా కొంత వేసి పూడ్చుకున్నాము. ఆ అమ్మాయి కళాశాలలో చేరింది. సొమ్ము సంగతి అలా సర్దుకుంది. ఆరు రోజులు ఆ ముసలి ప్రాణం ఒంటరిగా మోసిన భయాన్ని మాత్రం ఏ సర్క్యులరూ తిరిగి జమ చేయదు.

పెద్దలు తమ పొరపాటును మనకు చెప్పుకోవడం కూడా ఒక అమానతే. దానిని నవ్వులపాలు చేస్తే రెండోసారి మన చేతికి రాదు. మీ ఇంట్లో ఎవరైనా “నా ఖాతాలో డబ్బు పోయింది” అని వచ్చినప్పుడు, “ఎందుకు అలా చేశారు?” అన్న ప్రశ్నను పక్కన పెట్టండి. “వెంటనే చెప్పారు, మంచి పని చేశారు” అనండి. అని, ఫోను చేతికి తీసుకోండి.