స్పోర్ట్స్ కారు బేరం చల్లటి ఇంజిన్ దగ్గరే మొదలవ్వాలి

పాత పోర్షే బాక్‌స్టర్ కొనబోయేవారు అమ్మేవారిని ముందుగా అడిగేది ఇంజిన్ లోపలి ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్ గురించే. తొలి తరం బాక్‌స్టర్‌లో ఆ చిన్న బేరింగ్ విరిగితే ఇంజిన్ మొత్తం పాడైపోతుంది. అమెరికాలో యజమానులు దీనిమీద కోర్టుకు కూడా వెళ్లారు. అందుకే డాలస్‌లో సరదాగా రెండో కారు కొనుక్కునే తెలుగు ఇంజినీరుకైనా, హైదరాబాద్‌లో బేరమాడే వ్యాపారికైనా ఆ పేరు నోటికొచ్చు. బేరింగ్ మార్చిన బిల్లు కనబడితే చాలు, సగం బేరం కుదిరిపోతుంది. ముందు బంపరు లోపల రేడియేటర్లు ఎలా ఉన్నాయో, వెనక డిక్కీలోని కూలెంట్ ట్యాంకు చిట్లిందో లేదో వంగి చూసేవారు తక్కువ. పాత స్పోర్ట్స్ కారు బేరాల్లో జరిగే పెద్ద పొరపాటు ఇదే.

పోర్షే 911 మూడు దశాబ్దాలకు పైగా గాలితోనే చల్లబడింది. 1996లో నీటితో చల్లబడే బాక్‌స్టర్ వచ్చింది, 1997లో కొత్త 911 (996 తరం) కూడా నీటికి మళ్లింది. ఇంజిన్ వెనకే ఉండిపోయింది, రేడియేటర్లు మాత్రం ముందు రెండు మూలలకు వెళ్లాయి. బాక్‌స్టర్ ఎస్‌లో అయితే మధ్యలో మూడోది కూడా ఉంటుంది. కూలెంట్ కారు పొడవునా పైపుల్లో ముందుకు ప్రయాణించి, చల్లబడి, మళ్లీ వెనక్కి రావాలి. బంపరులో గాలి కోసం వదిలిన సందులు నేలకు దగ్గరగా ఉంటాయి కాబట్టి రోడ్డు మీది ఆకులు, దుమ్ము, పాలిథిన్ ముక్కలు నేరుగా లోపలికి పోతాయి. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఇరుక్కుని, వానకు తడిసి, అక్కడే కుళ్లి, అల్యూమినియాన్ని తినేస్తాయి. టార్చిలైటు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంటే రెండు నిమిషాల్లో తెలిసిపోయే సంగతి ఇది. ఏసీ వేయగానే ముందు ఫ్యాన్లు తిరగాలి. తక్కువ వేగానికి వాడే రెసిస్టర్ కాలిపోయిన కార్లలో ఇంజిన్ బాగా వేడెక్కేదాకా ఫ్యాన్ కదలదు. ఆ లోపం ఔటర్ రింగ్ రోడ్డు మీద బయటపడదు, అమీర్‌పేట ట్రాఫిక్‌లో బయటపడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, చూసే వేళ. వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే ఆ రోజుకు తిరిగొచ్చేసి మరో ఉదయం వెళ్లడం మంచిది. మీరొస్తున్నారని స్టార్ట్ చేసి ఉంచామని అమ్మేవారు మర్యాదగా చెప్పినా సరే. రాత్రంతా నిలబడిన కారు కిందే కారిన చుక్కలు కనిపిస్తాయి. వేడి ఇంజిన్ మీద కూలెంట్ మూత తీయకూడదు, ఒత్తిడికి మరిగే ద్రవం ముఖం మీదకు చిమ్ముతుంది. చల్లగా ఉన్నప్పుడు తీస్తే కూలెంట్ తేటగా, ఒకే రంగులో కనబడాలి. తుప్పు రంగు ఉందంటే ఎవరో కుళాయి నీళ్లో బోరు నీళ్లో పోసి నడిపారని అనుమానించాలి. మన దగ్గర చాలా చోట్ల బోరు నీళ్లు కఠినజలం. రేడియేటర్ సన్న గొట్టాల్లో అది పొర కట్టిందంటే ఎంత కొత్త కూలెంట్ పోసినా వేడి దిగదు. ట్యాంకు చుట్టూ, గొట్టాల అతుకుల దగ్గర ఎండిపోయిన తెల్లటి లేదా గులాబీ రంగు మరకలుంటే అక్కడ లీకు ఉన్నట్టే. బాక్‌స్టర్ డిక్కీలో తివాచీ తడిగా ఉన్నా, తీపి వాసన వస్తున్నా ట్యాంకు చిట్లి ఉంటుంది.

ట్యాంకులో మీగడ రంగు బురద కనబడితే మాత్రం సంగతి వేరు. ఆయిలూ కూలెంటూ కలిసిపోతున్నాయన్నమాట. ఇంజిన్ మీదుండే ఆయిల్ కూలర్ ఒక్కటే పాడైతే అదృష్టం, సిలిండర్ హెడ్ పగిలి ఉంటే ఇంజిన్ దించాల్సిందే. చలి దేశాల్లో దగ్గరి దూరాలకే తిరిగే కార్లలో ఆయిల్ మూత కింద తేమ వల్ల పల్చటి మీగడ పేరుకోవడం మామూలే. మే నెల హైదరాబాద్‌లో ఆ సాకు చెల్లదు.

ఇక స్టార్ట్ చేశాక ఒకటి రెండు నిమిషాల్లోనే, ఇంకా వేడెక్కకముందే, రేడియేటర్ గొట్టం గట్టిగా బిగుసుకుంటే సిలిండర్‌లోని వాయువులు కూలెంట్‌లోకి చొరబడుతున్నాయని, అంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి. దానికి పరీక్ష ఉంది. ట్యాంకు మూతి దగ్గర పెట్టే నీలం ద్రవం ఆ వాయువు తగిలితే పసుపుగా మారుతుంది.

డ్యాష్‌బోర్డు మీద ముల్లు మధ్యలోనే ఉందిగా అనే ధీమా వద్దు. డ్రైవరు కంగారు పడకూడదని చాలా కంపెనీలు ఆ ముల్లును కావాలనే కదలకుండా చేశాయి. బీఎండబ్ల్యూ ఈ46 సిరీస్‌లో కూలెంట్ దాదాపు 75 డిగ్రీల నుంచి 115 డిగ్రీల దాకా ఎక్కడున్నా ముల్లు నిటారుగానే నిలబడుతుంది. అది కదిలేసరికే ఆలస్యమైపోతుంది. కారు కంప్యూటరును చదివే చిన్న ఓబీడీ రీడర్ తగిలిస్తే ఫోన్‌లో అసలు అంకె కనబడుతుంది. ఏసీ వేసి, కారు నిలబెట్టి, ఇరవై నిమిషాలు ఆ అంకెనే చూడాలి.

కూలెంట్ కొద్దిగా తగ్గినా ఎంత నష్టమో ఇంగ్లండ్ కార్లు చెబుతాయి. 1995లో వచ్చిన ఎంజీ ఎఫ్, 1996లో వచ్చిన లోటస్ ఎలీస్ రెండింటిలోనూ వెనక రోవర్ కె సిరీస్ ఇంజినే. తేలికైన అల్యూమినియం ఇంజిన్, అందులో పట్టే కూలెంట్ కూడా తక్కువే. రేడియేటర్ ముందుంటుంది, పైపులు కారు అడుగునుంచి వెళ్తాయి. ఆ పైపులు పాడై కాస్త కారినా ఇంజిన్ ఉడికిపోయేది. హెడ్ గ్యాస్కెట్ల విషయంలో ఆ ఇంజిన్ మూటగట్టుకున్న అపకీర్తి ఇప్పటికీ పోలేదు.

పాత స్పోర్ట్స్ కార్ల ప్రకటనల్లో పదిహేనేళ్లకు ఇరవై వేల కిలోమీటర్లే తిరిగిందని గొప్పగా రాస్తారు. రబ్బరు, ప్లాస్టిక్, జిగురు కిలోమీటర్ల లెక్కన ముసలివి కావు, ఏళ్ల లెక్కన, ఎండ లెక్కన అవుతాయి. 996 తరం 911 టర్బో, జీటీ3 కార్లలో కూలెంట్ పైపులను జిగురుతో అతికించారు. ఏళ్లు గడిచాక ఆ జిగురు వదిలితే పైపు ఊడి, కూలెంట్ ఒక్కసారిగా వెనక చక్రాల ముందు రోడ్డు మీద పడుతుంది. వేగంలో ఉన్న కారుకు అది ప్రాణాపాయం. అందుకే తెలిసినవాళ్లు ఆ పైపులను వెల్డింగ్ చేయించారా, పిన్నులు కొట్టించారా అని అడుగుతారు. ఆ బిల్లు ఉన్న కారుకు పాతిక వేల కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా పైసా తగ్గించనక్కర్లేదు.

ట్యాంకు, వాటర్ పంపు, గొట్టాలు పాతబడితే కారు వదులుకోనక్కర్లేదు. వాటి ఖర్చు లెక్కగట్టి ధర తగ్గించమనవచ్చు. కూలెంట్‌లో ఆయిల్ కలిసిన కారును, పరీక్షలో ద్రవం పసుపెక్కిన కారును మాత్రం ఎంత చవకగా ఇస్తామన్నా వదిలేయాలి. వందల అంశాలు తనిఖీ చేశామని చెప్పుకునే సెకండ్‌హ్యాండ్ షోరూములు, చల్లటి ఇంజిన్ మీద చేసిన కూలెంట్ ప్రెషర్ టెస్ట్ ఫలితాన్ని కాగితం మీద రాసివ్వాలి. చిన్న చేతిపంపుతో పావుగంటలో అయిపోయే పని అది. దానికి ఒప్పుకోని చోట అడ్వాన్సు ఇవ్వకూడదు.