గాలం కర్ర గోవిందా కాకుండా!

సంక్రాంతికి ఊరొచ్చిన కుర్రాళ్లు మూడు రకాలు. పదింటిదాకా నిద్రపోయేవాళ్లు, పేకాటకి కూర్చునేవాళ్లు, పొద్దున్నే గాలం పట్టుకుని ఏటికి పోయేవాళ్లు. ఈ వారం కబుర్లు మూడో బ్యాచ్‌కి. మీరు మొదటి రెండు బ్యాచ్‌లైనా చదవండి, మీ తమ్ముడికో బావకో పనికొస్తుంది.

పోయినేడాది కనుమ నాడు పాతపట్నంలో మహేంద్రతనయ ఒడ్డున కూర్చున్నాను. అవతలి ఒడ్డు పర్లాకిమిడి వైపు, అంటే ఒడిశా. చేతిలో కొత్త ఫైబర్ రాడ్. రీలుతో కలిపి రెండు వేల రెండొందలు పెట్టి ఆన్‌లైన్‌లో కొన్నాను. కోడి కార్జం ముక్క గుచ్చి నీళ్లలోకి విసిరి, రాడ్‌ని రెండు రాళ్ల మధ్య ఆనించి, దర్జాగా టీ ఫ్లాస్కు తీశాను. ఇంతలో ఫోన్ మోగింది. ఫ్రెండ్ ఏదో రీల్ పంపాడు. చూసేందుకు తల దించాను.

సర్‌ర్‌మని చప్పుడు. తలెత్తి చూస్తే రాళ్లు రెండూ ఉన్నాయి. రాడ్ లేదు.

అలా నీళ్లలోకి వంగిపోయి వెళ్తున్న పిడిని ఒక్క క్షణం చూశాను. చెప్పులైనా విప్పకుండా దూకబోయాను. వెనక నుంచి చిన్నాన్న చొక్కా కాలరు పట్టుకుని లాగేశాడు.

“ఏటిరా! కర్ర పోతే ఇంకోటి కొనుక్కుంటావు. నువ్వు పోతే మీ అమ్మకి ఏటి చెప్పాల?”

ఆ మాటకి జవాబు లేదు. పైకి మోకాలి లోతులా కనిపించే చోట ఇసుక గుంట ఎంతుంటుందో మనకి తెలీదు. పైన ఒడిశా కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే ఏరు పెరుగుతుంది. కాబట్టి చిట్కాలన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే. పోయిన కర్ర కోసం నీళ్లలోకి దూకొద్దు. ఈత వచ్చినా సరే. పోకుండా చూసుకోవడమే మన పని.

మంచు కన్నంలోంచి మాయం

ఆ రాత్రి ఫ్యామిలీ గ్రూపులో ఆ రెండు రాళ్ల ఫోటో పెట్టాను. అమెరికాలో మినియాపొలిస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు వెంటనే వీడియో కాల్ చేశాడు. ఓదారుస్తాడనుకుంటే పగలబడి నవ్వాడు. “తమ్ముడూ, నీకు ఏరంత దారి ఉంది. నాది జానెడు కన్నంలోంచి పోయిందిరా!” అన్నాడు.

సంగతేంటంటే, వాళ్లుండే మిన్నెసోటా రాష్ట్రంలో చలికాలం చెరువులన్నీ గడ్డ కడతాయి. జనం ఆ మంచు మీద నడిచి వెళ్లి, బోరు వేసినట్టు మరతో గుండ్రటి కన్నం చేసి, అందులోంచి గాలం వదులుతారు. మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాల గట్టి మంచు ఉండాలని అక్కడి ప్రభుత్వ శాఖే చెబుతుంది. మా అన్నయ్య ఆఫీసు వాళ్లతో మినెటోంకా సరస్సు మీదికి వెళ్లాడు. చేతులు కొంకర్లు పోతుంటే కర్రని మంచు మీద పెట్టి, జేబులో చేతులు దూర్చుకున్నాడు. అంతే.

కన్నం వెడల్పు 20, 25 సెంటీమీటర్లు. కర్ర పొడవు 60, 70 సెంటీమీటర్లు. అడ్డంగా పడితే పట్టనే పట్టదు. మరి ఎలా పోయింది? సూది బెజ్జంలోకి దారం దూరినట్టు, కొన ముందు దూరింది. దాని వెనకే మిగతాదంతా.

అక్కడ చలికాలంలో ఒక్కో మనిషి రెండు గాలాలు వేసుకోవచ్చు. ఒకటి చేతిలో ఉంటుంది, రెండోది మంచు మీద ఉంటుంది. “పోయేది ఎప్పుడూ ఆ రెండోదే” అన్నాడు అన్నయ్య.

బలం చేపది కాదు, తప్పు కర్రది

“ఎంత పెద్ద చేపో!” అని మనం కథలు చెప్పుకుంటాం గానీ, కర్రని లాక్కుపోవడానికి పది కేజీల వాలుగే అక్కర్లేదు. కర్ర పడుకుని, దాని కొన చేప వైపే చూస్తుంటే, లాగుడు మొత్తం కర్ర పొడవునా పడుతుంది. అప్పుడు దాన్ని ఆపేది ఏమీ ఉండదు. కిలో చేప కూడా జారలాగేస్తుంది. అదే కర్ర ఏటవాలుగా నిలబడి ఉంటే, లాగుడు అడ్డంగా పడుతుంది. కర్ర వంగుతుంది, కానీ కదలదు. నిలబడ్డ కర్రని చేప వంచుతుంది, పడుకున్న కర్రని జార్చుతుంది. ఇదొక్కటి గుర్తుంటే సగం పని అయినట్టే.

రెండో సగం దారంలో ఉంది. దారం బిగుసుకుని ఉండి, కర్ర వదులుగా ఉంటే, చేపకి దొరికేది కర్రే. దారం వదులుగా ఉండి, కర్ర గట్టిగా ఉంటే, చేపకి దారం దొరుకుతుంది, కర్ర మనకి మిగులుతుంది.

మంచు మీద వాళ్లు చేసేది ఇదే. టిప్-అప్ అని ఒక సాధనం ఉంటుంది. కన్నం మీద అడ్డంగా పెడతారు, కాబట్టి లోపలికి పోయే దారి లేదు. దారం చుట్టిన కండె నీళ్లలో మునిగి ఉంటుంది, కాబట్టి గడ్డ కట్టదు. చేప ఎర పట్టి పరిగెడితే కండె తిరిగి దారం వదులుతుంది, పైన చిన్న జెండా టక్కున లేస్తుంది. జెండా చూసి మనిషి పరిగెత్తుకొస్తాడు. ఖరీదైన యంత్రమేం కాదు. అడ్డకర్ర, వదులు దారం, పిలుపు. ఆ మూడే.

మన ఏటి ఒడ్డున ఎలా?

కాలరు పట్టుకున్న చిన్నాన్నే మర్నాడు పాఠం చెప్పాడు. “పెయ్యని కట్టే గుంజ ఎటు వాల్చి పాతుతారో ఎప్పుడూ సూడలేదేటి?” అన్నాడు. నిజమే. గుంజని పెయ్య లాగే వైపు వాల్చరు, దానికి ఎదురుగా, అవతలికి వాల్చి పాతుతారు. అప్పుడు లాగేకొద్దీ తాడు కిందికి జారి, గుంజ ఇంకా గట్టిగా నిలుస్తుంది. గాలానికీ అదే లెక్క.

మొదటిది, స్టాండు. ప్లంబర్ పని అయ్యాక మిగిలిన పీవీసీ పైపు ముక్క రెండు అడుగులది చాలు. ఒక చివర ఏటవాలుగా కోసి, ఇసుకలో మూరెడు లోతుకి దించండి. అందులో రాడ్ పిడి దూర్చితే అది పడుకోదు. పైపు దొరక్కపోతే గట్టి పంగ కర్ర. కానీ ఒక్క పంగ చాలదు. ముందు పంగ రాడ్‌ని మోస్తుంది, వెనక పిడి మీద తలకిందులుగా ఇంకో పంగ పాతితేనే పిడి పైకి లేవదు.

రెండోది, బ్రేకు. రీలు మీద తిప్పే చిన్న మర ఉంటుంది కదా, అదే డ్రాగ్. మనలో చాలామంది దాన్ని పూర్తిగా బిగించి వదిలేస్తాం. రాడ్‌ని స్టాండులో పెట్టినప్పుడు చేత్తో దారం లాగితే సులువుగా వచ్చేంత వదులు చేయండి. చేతిలోకి తీసుకున్నాక బిగించుకోవచ్చు. అప్పుడు కూడా దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లాగుడికి తిరిగేలా ఉంటే మంచిది. 6 కేజీల దారమైతే కేజీన్నర, రెండు కేజీలు. లగేజీ తూచే కొక్కెం కాటా ఉంటే దారానికి తగిలించి లాగి చూడండి, తెలిసిపోతుంది.

మూడోది, పలుపు. రాడ్ పిడికి సన్న నైలాన్ తాడు కట్టి, రెండో కొన గుంజకో చెట్టుకో కట్టండి. మీ చేతికో కాలికో మాత్రం కట్టుకోవద్దు. చేప కోసం వేసిన తాడు మనిషిని లాగకూడదు.

నాలుగోది, మువ్వ. మేక మెడలోది ఒకటి రాడ్ కొనకి దారంతో కట్టండి. మంచు మీద జెండా చేసే పని ఇక్కడ మువ్వ చేస్తుంది. ఫోన్ చూస్తున్నా చెవులు ఖాళీయేగా! ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే మాత్రం మీ ఖర్మ.

వెదురు తేలేది, ఫైబర్ మునుగుతుంది

మా తాతకి రీలు లేదు, డ్రాగ్ లేదు. వెదురు కర్ర, దానికి దారం, నెమలి ఈక కాడతో చేసిన బెండు. ఆయన కర్ర కూడా చేపలు లాక్కుపోయేవట. ఆయన దూకేవాడు కాదు. చుట్ట కాల్చుకుంటూ ఒడ్డున నడిచేవాడు. వెదురు తేలుతుంది కదా. చేప అలిసేకొద్దీ కర్ర పైకొచ్చి, ఏ మలుపు దగ్గరో ఆగేది. కర్రతోపాటు చేప కూడా!

మన ఫైబర్ రాడ్‌కి లోహపు రీలు బిగించాక తేలడమనేది ఉండదు. దానికి తేలడం మనమే నేర్పాలి. మూత బిగించిన లీటరు ఖాళీ సీసాని రెండు మీటర్ల తాడుతో పిడికి కట్టండి. ఆ సీసా నీళ్లలో దాదాపు కిలో బరువుని తేలుస్తుంది. రాడ్, రీలు కలిపి మామూలుగా అంత ఉండవు. గుంజ నిలవని బురద గట్టు మీద ఇది బాగా పనికొస్తుంది.

ఇంత చేసినా పోతే? ఒడ్డు మీదే నిలబడి, ఇంకో దారానికి బరువు, మూడు కొనల కొక్కెం కట్టి, పోయిన చోటు దాటేలా విసిరి మెల్లగా లాగండి. రాడ్ కోసమే కాదు. నోట్లో కొక్కేనితో, వెనకాల అంత పొడవు దారంతో ఆ చేప ఏ వేరుకో చుట్టుకుంటే తిండి లేక చస్తుంది. మనం తినక, అది బతకక, ఎవరికీ కాకుండా పోతుంది. నాకు రెండు వేలు పోయిన బాధ వారంలో తగ్గింది. ఆ చేప సంగతి మాత్రం అప్పుడప్పుడూ గుర్తొస్తుంది.

ఈ కనుమకి మళ్లీ వెళ్తున్నాను. పీవీసీ ముక్క, నైలాన్ తాడు, మువ్వ, ఖాళీ సీసా బ్యాగులో సర్దాను. రాడ్ ఈసారి ఆరొందలదే. అన్నయ్యకి ఫోటో పంపితే, తన కర్ర పిడికి అడ్డంగా కట్టిన చెక్క ముక్క ఫోటో పంపాడు. చిన్నాన్నకి చూపిస్తే అన్నీ తిప్పి తిప్పి చూసి ఒక్కటే అడిగాడు.

“అన్నీ బాగున్నాయి గానీ, ఫోను ఎక్కడ కడతావురా?”