పదమూడేళ్ల నిరీక్షణ!

మొన్న ఆదివారం మా అక్కయ్య కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. అక్కడ విదేశీ వీడియో గేములకు బొమ్మలు తయారుచేసే ఆఫీసులో వాడి ఉద్యోగం. "ఏరా, నీ గేమెప్పుడు రిలీజు?" అన్నాను హుషారుగా. వాడి మొహం చిన్నబోయింది.

"రిలీజు లేదు మావయ్యా, మధ్యలో ఆపేశారు. రెండేళ్లు దానికి గోడలూ తలుపులూ తయారుచేశాను. ఇప్పుడు ఉద్యోగమూ పోయింది" అన్నాడు.

సగంలో ఆగిపోయిన సినిమాలు మనకు కొత్తేం కాదు. కానీ ఆటల వెనక కూడా ఇంత భాగోతం ఉంటుందా? వాడు చెప్పిన లెక్కలు వింటే నాకు కళ్లు తిరిగాయి. మీరూ వినండి.

మా కాలేజీ రోజుల్లో నెట్ సెంటరుకెళ్లి 'వైస్ సిటీ' ఆడనివాడు లేడు. ఆ 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో' వరుసలో మూడోది 2001లో, వైస్ సిటీ 2002లో, 'శాన్ ఆండ్రియాస్' 2004లో వచ్చాయి. నాలుగేళ్లలో మూడు! 1972 ఒక్క ఏడాదిలోనే మన కృష్ణగారివి 18 సినిమాలు విడుదలయ్యాయే, అలాంటి ఊపన్నమాట! తర్వాత అయిదోది 2013లో వచ్చింది. ఆరోదానికి ట్రైలరు చూపించింది 2023 డిసెంబరులో. 2025లో విడుదలన్నారు. తర్వాత 2026 మే అన్నారు. ఆ తర్వాత అదే ఏడు నవంబరన్నారు. అయిదోది వచ్చిన ఏడు పుట్టిన పిల్లాడికి ఈలోగా నూనూగు మీసాలొస్తున్నాయి!

"ఎందుకురా ఇంత ఆలస్యం?" అన్నాను.

"అప్పట్లో గోడంటే నాలుగు రంగుల బొమ్మ మావయ్యా. ఇప్పుడా గోడకు పెచ్చులూడాలి, నాచు పట్టాలి, దీపం కదిలితే నీడ కదలాలి. ఒక్కోదానికీ ఒక మనిషి రోజుల తరబడి కూర్చోవాలి. వాళ్లందరికీ నెలనెలా జీతాలు!"

నిజమే మరి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 'టెట్రిస్'ని ఒక్కడే తయారుచేశాడు. 2020లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్' రెండో భాగానికో? దాదాపు 200 మంది, 70 నెలలు, 22 కోట్ల డాలర్లు! అంటే సుమారు 1,800 కోట్ల రూపాయలు. ఈ గుట్టెలా రట్టయిందో తెలుసా? 2023లో అమెరికాలో ఒక కోర్టు కేసులో సోనీవారి కాగితాల మీద అంకెలు కనబడకుండా నల్లగా పులిమారు. స్కాన్ చేస్తే పులుము కింద అంకెలు తొంగిచూశాయి!

పోనీ టిక్కెట్టు ధర అంతగా పెరిగిందా? లేదు. అమెరికాలో 2005 ప్రాంతంలో పెద్ద గేము 60 డాలర్లుంటే, 2020లో 70 అయింది. అంతే! కాబట్టి లక్షల మీద లక్షలు అమ్ముడైతేగాని పెట్టుబడి రాదు. అందుకే నిర్మాతలు కొత్త కథంటే జంకుతారు. ఆడిన ఆటకే రెండో భాగం, మూడో భాగం! ధైర్యం చేసి కొత్తది తీస్తే 'కాంకార్డ్' గతి పట్టొచ్చు. అది 2024 ఆగస్టు 23న విడుదలైంది. సెప్టెంబరు 6న ఆపేసి, కొన్నవాళ్లకు డబ్బు వాపసిచ్చారు. అక్టోబరులో ఆ స్టూడియోనే మూసేశారు. మన దగ్గర సినిమా పోయినా లైట్‌బాయ్ ఇంకో షూటింగు వెతుక్కుంటాడు. అక్కడ కొలువే ఉండదు.

నన్నడిగితే, నాచు లేకపోయినా గోడ గోడే! ఎరిక్ బరోన్ అనే కుర్రాడు నాలుగేళ్లకు పైగా ఒక్కడే కూర్చుని 'స్టార్డ్యూ వ్యాలీ' చేశాడు. 2016లో వచ్చిన ఆ పల్లెటూరి వ్యవసాయం ఆట 2024 చివరికి నాలుగు కోట్ల కాపీలు దాటింది. ఆడేవాళ్లు దాన్లో నాచు వెతికారా?

ఈ మాటే అంటే మావాడు మెల్లగా నవ్వాడు. "ముగ్గురం స్నేహితులం చిన్న గేమొకటి మొదలెట్టాం మావయ్యా. ఏడాది చూస్తాం. కుదరకపోతే మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటా" అన్నాడు.

ఉద్యోగం పోయిన సంగతి మా అక్కయ్యకింకా చెప్పలేదట. మీరూ చెప్పకండేం!