మద్దెల ఓడు

పోయిన ఆదివారం మా కాలనీ సంఘం మీటింగులో ప్రహరీ గోడ ఇంకో మూడడుగులు లేపాలా వద్దా అని గంటన్నర రచ్చ జరిగింది. చివర్న టీ తాగుతూ ఒకాయన, "దండగండీ, ఇదీ మాజినో లైనే అవుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. గోడ లేపడం నాకూ ఇష్టం లేదు, అది వేరే సంగతి. కానీ ముప్పై ఏళ్లు హిస్టరీ పాఠం చెప్పినవాణ్ని, ఆ మాట వింటే ఊరుకోలేను. టీవీ చర్చల్లో, సంపాదకీయాల్లో పనికిరాని రక్షణ అనగానే మాజినో. ఆ గోడ ఎవరి పాపం మోస్తోందో ఎవరికీ పట్టదు.

అసలది గోడే కాదు. 1930 జనవరిలో ఫ్రెంచి పార్లమెంటు దాదాపు 290 కోట్ల ఫ్రాంకులు మంజూరు చేస్తే జర్మనీ సరిహద్దున లేచిన భూగర్భ కోటల వరస. యుద్ధమంత్రి ఆంద్రే మాజినో పేరు దానికి స్థిరపడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సార్జెంటుగా పోరాడి కాలు దెబ్బతిన్న మనిషాయన. ఒక్క హాకెన్‌బర్గ్ కోటలోనే పది కిలోమీటర్ల సొరంగాలు. వాటిలో 60 సెంటీమీటర్ల పట్టాల మీద కరెంటు రైలు గుండ్లు మోసేది. వంటిల్లు, ఆసుపత్రి, జనరేటర్లు అన్నీ కిందే. విషవాయువు చొరబడకుండా లోపలి గాలి ఒత్తిడి బయటికన్నా ఎక్కువ ఉంచేవారు. ఫిరంగి పేల్చాలంటే ఉక్కు గుమ్మటం పైకి లేచేది, పని కాగానే నేలకు ఆనుకుని కూర్చునేది.

ఎందుకింత కట్టారు? మనుషుల్లేక. మొదటి యుద్ధంలో 13 లక్షల పైచిలుకు సైనికులు పోయారు. వాళ్ల ఇళ్లలో పుట్టాల్సిన పిల్లలు పుట్టలేదు. 1930ల నడిమికి సైన్యంలో చేరే ఈడు కుర్రాళ్లు బాగా తగ్గిపోతారని ముందే లెక్క తేలింది. కొద్దిమందితో ఆ సరిహద్దు కాసి, మిగతా బలగాన్ని బెల్జియంలోకి నడిపించాలన్నది ఎత్తు. శత్రువు చుట్టూ తిరిగి రావాలనే కట్టారు. వాడు తిరిగే వచ్చాడు. మరి కోట చేసిన తప్పేంటి?

తప్పు జరిగింది బల్లల దగ్గర. తగిన ఏర్పాట్లు చేస్తే ఆర్డెన్ అడవులు దాటరానివని 1934లో యుద్ధమంత్రి పెతాఁ సెనేటుకు భరోసా ఇచ్చాడు. ఆ ఏర్పాట్లే చాలినన్ని జరగలేదు. 1940లో సేనాధిపతి గమెలిన్ నిల్వ ఉంచాల్సిన ఏడో సైన్యాన్ని హాలండు వైపు పంపేశాడు. మే 13న జర్మన్లు ఆ అడవుల గుండానే వచ్చి సెడాన్ దగ్గర మ్యూజ్ నది దాటారు. మూడు రోజులకు పారిస్ వచ్చిన చర్చిల్ నిల్వ సైన్యం ఏదని అడిగితే, లేదన్నాడు గమెలిన్.

ఆ నిర్ణయాల ఖరీదు కట్టింది లా ఫెర్తె. వరస కొసన ఉన్న చిన్న కోట, పెద్ద ఫిరంగులు లేవు. జర్మన్లు పైకెక్కి గుమ్మటాలు పేల్చారు. కింద సొరంగంలో గాలి విషమై వంద మందికి పైగా ఊపిరాడక పోయారు. లోపలున్నవాళ్లలో ఒక్కరూ బతకలేదు. అదే షోనెన్‌బర్గ్ కోట బాంబులన్నీ కాచుకుని యుద్ధవిరమణ దాకా నిలిచింది. జులై 1న దాన్ని అప్పగించింది కూడా పైవాళ్ల ఆదేశం మీదే. ఇదే వరసలోని ఆల్ప్స్ భాగం కొసన, మాంతోఁ దగ్గర తొమ్మిది మంది ఒక్క చిన్న బురుజులో కూర్చుని ఇటలీ సేనని రోడ్డు దాటనివ్వలేదు. వీళ్ల పేరు చెప్పి ఎవరూ జోకులెయ్యరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తిట్లన్నీ కాంక్రీటుకే.

మన గోల్కొండ చూడండి. 1687లో ఎనిమిది నెలలు ఔరంగజేబుకు లొంగలేదు, లోపలివాడు తలుపు తీస్తేనే పోయింది. ఇవాళ్టికీ జనం కోటలో చప్పట్లు కొట్టి మురుస్తారు, తిట్టేది తలుపు తీసినవాణ్ని. ఆ న్యాయం మాజినోకి లేదా?

మన దగ్గర ఆ న్యాయం కోటల వరకే. వంతెన కూలితే సిమెంటు మీద పడతాం, సైటు ఇంజనీరు మీద పడతాం. అక్కడ కట్టమన్నదెవరో ఫైలు నోరు విప్పదు. అంతదూరం ఎందుకు? పోయినేడు మా ప్రహరీ గోడ తూము మూయించారు, పందికొక్కులొస్తున్నాయని. మొదటి వానకే స్కూటర్లు సీటుదాకా మునిగాయి. మినిట్స్ పుస్తకంలో "గోడ నాణ్యతా లోపం" అని రాసి, మేస్త్రీకి రావాల్సిన డబ్బులు కోశారు. తూము మూయమన్నది మొన్న మాజినో జోకేసినాయనే. పుస్తకంలో ఆ పేరు ఎక్కడా లేదు.

ఈసారి మీటింగుకి పెన్ను నేనే తీసుకెళ్తాను.

— పాత మాస్టారు