4కేలో తీశారు సరే, ఖుబూల్ వినిపించిందా?



ఈ షాదీల సీజన్‌లో కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఏ దావత్‌కి పోయినా ఒకటే మాట: "మా షూటింగ్ 4కే!" ఆ మాట చెప్పేటప్పుడు దులహన్ అబ్బా ముఖంలో ఫఖర్ కనిపిస్తుంది. ఆ ఫఖర్‌కి ప్యాకేజీలో వేరే రేటు. నేనంటాను, ఇందులో సగం ఫరేబ్. గుస్సా చేయకండి, కారణాలు చెప్తాను.

ముందు మా ఇంటి ముచ్చట. మా చెల్లెలి నికాహ్‌కి తమ్ముడు రాలేకపోయాడు. సౌదీలో ఉన్నాడు, ఛుట్టీ దొరకలేదు. "వీడియో మంచిగ తీయించు భాయ్, నేను అండ్లనే చూసుకుంటా" అన్నాడు. తీయించాం. ఓఢ్నీ మీద జరీ మెరిసింది, దమ్ తీసిన డేగ్ మీద ఆవిరి కూడా కనిపించింది. కానీ ఖాజీ సాబ్ ఖుత్బా మొదలుపెట్టగానే కూలర్ల హోరు. దులహా ఖుబూల్ అన్నప్పుడు పెదాలు కదిలాయి, అంతే. తమ్ముడు ఫోన్ చేసి, "అబ్బా దుఆల ఏమన్నడు భాయ్?" అని అడిగాడు. అబ్బా ఇంతెఖాల్ అయి ఇప్పటికి రెండేళ్లు. ఆ దుఆ ఏ పెన్‌డ్రైవ్‌లోనూ లేదు.

అందుకే అడుగుతున్నాను, వీడియో క్వాలిటీ అంటే అసలు ఏమిటి?

2008లో నికాన్ డి90 వచ్చినప్పుడు డీఎస్ఎల్ఆర్‌లో వీడియో రావడమే అజూబా. అప్పుడు 720 లైన్లే. ఇప్పుడు మన నౌజవాన్లు ఖర్జా చేసి మరీ కొంటున్న కెనాన్ 200డి మార్క్ 2 డబ్బా మీద 4కే అని ఉంటుంది. అబద్ధం కాదు. కానీ ఎలా ఇస్తుందో చూడండి. దాని సెన్సర్ అడ్డంగా 6000 పిక్సెళ్లు. 4కేకి మధ్యలోని సుమారు 3840 మాత్రమే వాడుకుంటుంది. అంటే బొమ్మ అంచులు కోసేసినట్టే. కెమెరాతో వచ్చే 18-55 లెన్స్ 18 దగ్గర పెట్టినా, పాత రీలు కెమెరా లెక్కలో 46 ఎంఎం లెన్స్‌లా ఇరుకుగా చూపిస్తుంది. జనానా వైపు గదిలో వీపు గోడకి ఆనించినా సగం ఖాందాన్ ఫ్రేమ్‌లో పట్టదు. పైగా 4కేలో దాని డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ పని చేయదు. దులహన్ నడిచి వస్తుంటే ఫోకస్ వెతుక్కుంటూ ఉంటుంది. అదే కెమెరా ఫుల్ హెచ్‌డీలో ఈ రెండు తక్లీఫ్‌లూ లేకుండా తీస్తుంది. తమ్ముడు చూసేది ఫోన్‌లో. చెప్పండి, అతనికి ఏది పనికొస్తుంది?

ఇంకో మాట. యూట్యూబ్‌లో అమెరికా వాళ్లను చూసి మన పిల్లలు 30 ఫ్రేములు పెడుతున్నారు. వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. మన ట్యూబ్‌లైట్ సెకనుకి 100 సార్లు మినుకుతుంది. 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెడితే ప్రతి ఫ్రేముకీ రెండు మినుకులు సరిగ్గా పడతాయి. 30 ఫ్రేములు, 1/60 పెడితే లెక్క కుదరదు, షాదీఖానా గోడల మీద చారలు పాకుతాయి. తర్వాత నింద పాపం లైట్ల వాడి మీద.

"రేపు పెద్ద టీవీ కొంటాం, అప్పుడు 4కే కావాలి కదా" అంటారు. నిజమే. కుంతాల జలపాతం ముందు, పగటి వెలుతురులో, స్టాండ్ వేసి తీస్తే 4కే అందం నేనూ ఒప్పుకుంటాను. కానీ నికాహ్ జలపాతం కాదు. ఒక్కసారే జరుగుతుంది, "మళ్లీ అనండి ఖాజీ సాబ్" అనలేం.

కాబట్టి కొనే ముందు దుకాణంలో మన చీజ్‌లతోనే పరీక్ష చేయండి. మన కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పాన్‌దాన్ గానీ, జరీ ఓఢ్నీ గానీ కెమెరా ముందు పెట్టండి. ఆ సన్నని తీగల మీద రంగుల అలలు లేస్తే, సెన్సర్ కొన్ని లైన్లు వదిలేసి చదువుతూ ఉండవచ్చు. కెమెరాని స్తంభం ముందు వేగంగా తిప్పండి. స్తంభం ఎంత వాలితే, ఆదిలాబాద్ గుస్సాడీ ఆటలో నెమలి ఈకల టోపీలు అంత వంకరపోతాయి. ఆఖరుగా మైక్ గుంత ఉందా చూడండి. 200డి మార్క్ 2కి ఉంది, కెనాన్ 1500డికి లేదు, నికాన్ డి3500కి లేదు. గుంత లేని కెమెరా ఇప్పటికే కొనేసుంటే పరేషాన్ కావద్దు. ఖాజీ సాబ్ ముందు ఒక ఫోన్ రికార్డింగ్‌లో పెట్టండి, ఎడిటింగ్‌లో ఆ ఆవాజ్‌ని కలపవచ్చు. ఖర్చు సిఫర్.

వీడియో తీసే బేటాలకు నా నసీహత్ ఇదే. మీ చేతిలో ఉన్నది ఒక ఖాందాన్ అమానత్. 4కే పేరుతో ఎక్కువ పైసలు తీసుకునే ముందు ఒక కాలర్ మైక్ కొనండి.

తల్లిదండ్రులారా, అడ్వాన్స్ ఇచ్చే ముందు "4కేనా?" అని కాదు, "ఖాజీ సాబ్ దగ్గర మైక్ పెడతావా బేటా?" అని అడగండి. అతను తల గోక్కుంటే, పైసలు జేబులోనే ఉంచి ఇంకొకరిని చూసుకోండి.