ఒక ఇంటికి ఎన్ని ఆఫీసులు?

ఆత్మహత్య చేసుకున్న రైతు ఇంటికి పోయినప్పుడు మన సంఘం కార్యకర్తలు మొదట అడిగే మాట "ఎఫ్‌ఐఆర్ అయ్యిందా?" అని. ఏడుస్తున్న ఇంట్లో ఈ మాట అడగడం కఠినంగానే ఉంటుంది. అడగకపోతే ఆ కుటుంబం ఇంకా నష్టపోతుందని ఇరవై ఏళ్ల అనుభవం మనకు నేర్పింది. "కేసెందుకు, పరువు పోతది" అన్న పాలోళ్ల మాట విని పోస్టుమార్టం లేకుండా దహనం చేసిన ఇళ్లకు తర్వాత ఏ ఆఫీసు తలుపూ తెరుచుకోలేదు.

ఎఫ్‌ఐఆర్ దగ్గర మొదలైన తిరుగుడు ఎక్కడ ఆగుతుందో ఒకసారి లెక్క వేద్దాం. పోస్టుమార్టం రిపోర్టుకు ఆసుపత్రి. పురుగుమందు తాగి చనిపోతే ఫోరెన్సిక్ ల్యాబు రిపోర్టు వచ్చేదాకా ఆగాలి. మరణ ధ్రువపత్రానికి పంచాయతీ కార్యదర్శి. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కు మీసేవ, అక్కడి నుంచి తహసీల్దార్. రైతు బీమాకు ఏఈవో. వితంతు పింఛనుకు ఎంపీడీవో ఆఫీసు. భూమి పేరు మార్పుకు మళ్లీ తహసీల్దార్. అప్పు లెక్కకు బ్యాంకు. పిల్లల స్పాన్సర్‌షిప్‌కు జిల్లా కేంద్రంలో బాలల పరిరక్షణ విభాగం. పోడు భూమి అయితే వీటన్నిటి మీద ఉట్నూరు ఐటీడీఏ, అది పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలకూ ఒకటే. ప్రతి చోటా అదే ఆధార్ జిరాక్సు, అదే రేషన్ కార్డు జిరాక్సు, భర్త ఎట్లా చనిపోయిండో మళ్లీ మొదటి నుంచి చెప్పుడు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు, నిజమే. పోయిన రోజు కూలి ఎవరిస్తారు?

పథకాలు లేవని మేము అనడం లేదు. ఉన్నవి చాలామందికి తెలియకపోవడమే విచిత్రం. ఇంటిని పోషించే మనిషి 18 నుంచి 59 ఏళ్ల మధ్య చనిపోతే, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబానికి 20 వేల రూపాయలు ఇచ్చే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం ఒకటి ఉంది. ఎంతమంది విన్నారు? మిషన్ వాత్సల్య కింద తండ్రి లేని పిల్లలకు నెలకు 4 వేల రూపాయల సహాయం ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72 వేలు దాటకూడదని నిబంధన. మన ఊళ్లల్లో ఆ నిబంధనకు సరిపోయే ఇళ్లు లెక్కలేనన్ని. వ్యవసాయ శాఖ వాళ్లకు ఈ సంగతి చెప్పే పని లేదు. బాలల శాఖ వాళ్లకు ఆ ఊళ్లో రైతు చనిపోయిన సంగతి తెలియదు. ఇద్దరూ జీతాలు తీసుకునేది ఒకే ప్రభుత్వం దగ్గర.

ఈ శాఖలను ఒక చోటికి తేవాలన్న ఆలోచన కొత్తది కాదు. 2004 జూన్ 1న వచ్చిన 421 జీవో చేసింది అదే. తహసీల్దార్, ఎస్సై, వ్యవసాయాధికారి మండల స్థాయిలో, ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ డివిజన్ స్థాయిలో కమిటీగా విచారణ జరపాలని రాశారు. లక్ష రూపాయలు కుటుంబానికి, 50 వేలు అప్పులోళ్లకు ఒకేసారి కట్టి తెంపుకోవడానికి. దాంతోపాటు పిల్లల చదువు, ఇల్లు, పింఛను వంటివి కూడా చూడాలన్నారు. 2015 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఈ మొత్తాన్ని 6 లక్షలకు పెంచింది. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఇంకేం కావాలి? అమలులో మాత్రం ఆ కమిటీల పని ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయింది: ఇది "నిజమైన" రైతు ఆత్మహత్యనా, కాదా? కడుపునొప్పి అని, కుటుంబ కలహాలని, తాగుడని రాసి ఫైలు మూసేసిన ఇళ్లు మనకు తెలుసు. పదమూడు రకాల కాగితాలు తెమ్మన్నారు. ప్రైవేటు అప్పుకు రుజువు తెమ్మన్నారు. ఎరువుల దుకాణం చిట్టీ మీద, నోటి మాట మీద తెచ్చిన అప్పుకు రుజువు ఎవరిస్తారు? ముగ్గురు అధికారులు కలిసి వచ్చారు, ఏమి ఇవ్వాలో చూడడానికి రాలేదు.

2018 ఆగస్టులో రైతు బీమా వచ్చింది. మంచిని మంచి అనాలి. ఎట్లా చనిపోయినా సరే, పట్టా ఉండి 18 నుంచి 59 ఏళ్ల లోపు ఉంటే ఎల్‌ఐసీ నుంచి 5 లక్షలు వస్తున్నాయి. ఆత్మహత్యనా కాదా అన్న పంచాయితీ లేదు. చాలా ఇళ్లల్లో పది రోజుల దినకర్మ అయిన కొద్ది రోజులకే పైసలు పడ్డాయి. దాని వెనుక 421 జీవో కమిటీలు మెల్లగా నిద్రపోయాయి. పట్టా లేని కౌలు రైతు, పట్టా రాని పోడు రైతు, అరవై దాటినా నాగలి వదలని ముసలాయన, ఆధార్‌లో వయసు తప్పు పడ్డ మనిషి, వీళ్ల ఇళ్లకు బీమా లేదు, కమిటీ రాదు. రైతు స్వరాజ్య వేదిక టాటా సామాజిక శాస్త్రాల సంస్థతో కలిసి 2018లో 692 ఆత్మహత్య కుటుంబాలను కలిసింది. వాటిలో 520 కౌలు రైతులవే. నూటికి డెబ్బై ఐదు! ఎవరికి ఆపద ఎక్కువో వాళ్లకే గొడుగు లేదు. 2011 నాటి సాగుదారుల చట్టం కింద కౌలు గుర్తింపు కార్డులు ఇచ్చి ఉంటే ఈ గతి ఇంతగా ఉండేది కాదు.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్రమంతా లక్షా యాభై వేల మంది గిరిజనులకు పోడు పట్టాలు ఇచ్చారు. వాళ్లు రైతు బీమాలోకి వచ్చారు. అదే గూడెం పక్కన తరతరాలుగా సాగు చేస్తున్న గిరిజనేతర పేదలు బయటే ఉన్నారు. సిరిసిల్లలో మగ్గం మీద ప్రాణం తీసుకున్న నేతన్న ఇంటిది ఇంకో కథ, ఆ కుటుంబం ఈ జీవోల్లో ఎక్కడా కనపడదు. అప్పు ఒకటే, ఉరితాడు ఒకటే, ఫైలు రంగు మారితే సహాయం మారుతుంది.

మన జిల్లాలోనే ఒక మంచి ప్రయత్నం జరిగింది, దాన్ని మరిచిపోవద్దు. 2017లో వికారాబాద్‌లో అప్పటి కలెక్టర్ దివ్య దేవరాజన్ ఉన్నప్పుడు సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడ్పాటుతో కిసాన్ మిత్ర అనే ఫోను సేవ పెట్టారు. ఆమె ఆదిలాబాద్‌కు బదిలీ అయ్యాక ఇక్కడా మొదలైంది. రైతు ఫోను చేస్తే సమస్య రాసుకునేవారు. పాసుబుక్కా, బ్యాంకా, విత్తనమా, ఇంట్లో బాధనా అని చూసి సంబంధిత శాఖకు పంపేవారు. తర్వాత ఏమైందని తిరిగి ఫోను చేసేవారు. ఊళ్లకు పోయి కలిసే కార్యకర్తలుండేవారు. తేలని సమస్యలు కలెక్టర్ ముందు శాఖల సమావేశంలోకి వచ్చేవి. ఇక్కడ గమనించాల్సింది ఫోను నెంబరును కాదు. ఒక రైతు బాధకు జవాబు చెప్పాల్సిన మనిషి ఒకరు ఉండటం, ఆ మనిషి మాటకు శాఖలు కదలటం. ఆ కలెక్టర్ గోండి నేర్చుకున్నదని గూడేల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. భాష రాని ఆఫీసు ఎంత దగ్గరున్నా దూరమే. అయితే కలెక్టర్ మీద నిలబడ్డ ఏర్పాటు కలెక్టర్ బదిలీతో కుంటుపడుతుంది. జీవో, బడ్జెట్, సిబ్బంది లేకుండా మంచి మనసు ఎన్నాళ్లు లాగుతుంది?

"అన్నీ కలపడం" అనగానే సంతోషపడాల్సిన పని కూడా లేదు. కలపడంలో రెండు రకాలున్నాయి. తెలంగాణలో సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. రకరకాల శాఖల లెక్కలు కలిపి ఎవరికి కారుంది, ఎవరికి భూమి ఉంది అని పోల్చి చూస్తుంది. పేర్లు కలిసినంత మాత్రాన వేరే మనిషి కారును కూలివాడి ఖాతాలో వేసిన ఉదంతాలు బయటపడ్డాయి. 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను ఇంటింటికీ పోయి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. తీసేయడానికి కలిపిన లెక్క ఇది. 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే చేశారు. ప్రజాపాలనలో కోటీ ఇరవై ఐదు లక్షల దరఖాస్తులు తీసుకున్నారు. 2024 నవంబరులో మళ్లీ ఇంటింటి కుల సర్వే. మన ఇంట్లో ఎన్ని బర్రెలున్నాయో ప్రభుత్వానికి మూడుసార్లు చెప్పాం. ఒక్కసారి కూడా "ఈ ఇంటికి ఏమేం రావాలి, ఏది రాలేదు" అని ఎవరూ తిరిగి రాలేదు.

కేరళలో ఆ తిరిగి రావడం జరిగింది. 2021 తర్వాత పంచాయతీలు, కుటుంబశ్రీ మహిళా సంఘాల సాయంతో 64,006 అతి పేద కుటుంబాలను గుర్తించి, ఒక్కో కుటుంబానికి ఒక్కో ప్రణాళిక రాశారు. ఒకరికి మందులు, ఒకరికి ఇల్లు, ఒకరికి కనీసం రేషన్ కార్డు. ఆ లెక్క మీద అక్కడి ఆర్థికవేత్తలే ప్రశ్నలు వేశారు, వేయాల్సిందే. అయినా ఊరిని కాకుండా ఇంటిని చూసి ప్రణాళిక రాసిన పద్ధతి మనకు కావాలి. మన దగ్గర ఐకేపీ మహిళా సంఘాలున్నాయి, ఊరికో పంచాయతీ కార్యదర్శి ఉన్నారు, క్లస్టరుకో ఏఈవో ఉన్నారు. మనుషులు లేక ఆగలేదు ఈ పని.

మన సంఘంలోనే కొందరు సోదరుల అభ్యంతరం ఉంది. "గిట్టుబాటు ధర వస్తే ఈ ఆఫీసుల చుట్టూ తిరిగే అవసరమే ఉండదు, మనం స్వామినాథన్ సిఫారసు వదిలి పింఛన్ల కాగితాలు నింపుతూ కూర్చుంటే ఎట్లా" అని. మద్దతు ధర పోరాటం వదలమని ఎవరూ అనడం లేదు. పత్తి ధర రేపు పెరిగినా నిన్న చనిపోయిన కౌలు రైతు భార్యకు ఈ నెల బియ్యం కావాలి, పిల్లకు హాస్టల్ సీటు కావాలి, మిత్తి కోసం గుమ్మం ముందు కూర్చున్న సావుకారికి జవాబు కావాలి. అన్నట్టు ఆ జవాబు తెలుసుకోండి: చనిపోయిన మనిషి అప్పుకు, ఆయన నుంచి వచ్చిన ఆస్తి మేరకే వారసులు బాధ్యులు. ఆమె తానుగా సంతకం పెట్టని నోటుకు ఆమె కూలి డబ్బులు, పుట్టింటి బంగారం కట్టాల్సిన పని లేదు.

మేము అడుగుతున్నది ఇది. సంపాదించే మనిషి చనిపోయిన ప్రతి పేద ఇంటికి, పట్టా ఉన్నా లేకున్నా, మండలంలో ఒక అధికారిని బాధ్యుడిగా పెట్టాలి. కాగితాలు ఆయన తిరిగి తేవాలి, ఆ ఇల్లాలు కాదు. నెలకోసారి తహసీల్దార్, ఎంపీడీవో, వ్యవసాయాధికారి, ఎస్సై, బ్యాంకు మేనేజరు ఒక బల్ల దగ్గర కూర్చొని ఆ ఫైళ్లు చూడాలి, రైతు సంఘాల వాళ్లను కూర్చోనివ్వాలి. దేన్నైనా తిరస్కరిస్తే కారణం రాసి చేతికివ్వాలి. 421 జీవో కమిటీలను కౌలు, పోడు రైతుల కోసమైనా మళ్లీ లేపాలి.

వట్టి డిమాండ్‌కు ఎవరూ కదలరు, రుజువు కావాలి. అందుకే ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మండల కమిటీలు ఈ పని చేయాలి. మీ మండలంలో ఇటువంటి ఇళ్లకు పోయి ఒక నోటుబుక్కులో రాయండి: ఏ ఆఫీసుకు ఎన్నిసార్లు పోయారు, ఏ తేదీన, ఏమి తెమ్మన్నారు, ఎన్ని రోజుల కూలి పోయింది, ఎవరికైనా పైసలు ఇయ్యాల్సి వచ్చిందా, చివరికి ఏమి వచ్చింది, ఏమి రాలేదు. వాళ్లు ఒప్పుకుంటేనే రాయండి, పేర్లు బయటపెట్టొద్దు. ఆడవాళ్లతో మాట్లాడటానికి మహిళా కార్యకర్తలు పోవాలి. గోండి, కొలామి మాట్లాడే గూడేలకు ఆ భాష వచ్చినవాళ్లే పోవాలి. పత్తి ఏరుడు పనులున్న రోజుల్లో పగలు ఇంట్లో ఎవరూ దొరకరు, పొద్దుగూకినంక పోండి.