కార్మికుల వైద్యం: మిల్లు యజమానులు చేయగలిగిందేమిటి?

గుంటూరు, చిలకలూరిపేట ప్రాంతాల్లోని ఏ స్పిన్నింగు మిల్లు ఆఫీసులోనైనా గుమాస్తా దగ్గర రెండు లెక్కలుంటాయి. ఒకటి హాజరు పట్టీ. రెండవది అడ్వాన్సుల ఖాతా. ఇప్పుడవి కంప్యూటరులోకి ఎక్కి ఉండవచ్చు గాని లెక్క మాత్రం పాతదే. ఆ రెండవ ఖాతా తిరగేస్తే పెళ్ళిళ్ళు, పిల్లల ఫీజులు, ఇంటి కప్పు మరమ్మతుల నడుమ ‘ఆసుపత్రి’ అనే పద్దు మాటిమాటికీ తగులుతుంది. భార్యకు ఆపరేషన్, తండ్రికి పక్షవాతం, ఒక్కోసారి కార్మికునికే ఆయాసం. యజమాని మంచివాడైతే అడిగిన రోజే డబ్బిస్తాడు, వడ్డీ అడగడు, నెలకింత చొప్పున జీతంలో పట్టుకుంటాడు.

యజమానులు దీన్నే సహాయం అంటారు. అందులో మంచితనం లేదనడానికి వీల్లేదు. కానీ ఆ అడ్వాన్సు వల్ల ఆసుపత్రి బిల్లు ఒక్క రూపాయి కూడా తగ్గదు. కార్మికుడు ఏడాది పొడుగునా తక్కువ జీతం ఇంటికి తీసుకుపోతాడు. మిల్లు సొమ్ము అప్పుల్లో ఇరుక్కుంటుంది. వైద్యం ఖర్చు పెరిగిపోయిందని యజమానుల సంఘాలు వాపోవడం పరిపాటి అయింది. ఆ ఖర్చు ఎక్కడ మొదలవుతున్నదో చూడవలసిన వారిలో తామే ముందున్నామని మాత్రం అవి గుర్తిస్తున్నట్టు కనబడదు.

ముందుగా ఇ.ఎస్.ఐ. సంగతి. 1948లో చట్టమై, 1952 ఫిబ్రవరిలో కాన్పూరు, ఢిల్లీలలో ప్రారంభమైన ఈ పథకం కొత్తదేమీ కాదు. 2019 జూలై నుంచి యజమాని చందా జీతంలో నూటికి 3.25, కార్మికునిది 0.75. అంతకు ముందు యజమాని 4.75, కార్మికుడు 1.75 కట్టేవారు. అంటే యజమానులకు భారం తగ్గిందే గాని పెరగలేదు. నెలకు రు. 15,000 జీతగాడికి యజమాని వాటా రు. 487.50, కార్మికునిది రు. 112.50. రెండూ కలిపి సరిగ్గా 600. ఆ ఆరువందలకు కార్మికునికే కాక భార్యకు, పిల్లలకు, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం లభించాలి. జబ్బుపడి పనికి రాలేకపోతే ఏడాదిలో 91 రోజుల వరకు నూటికి 70 వంతున జీతం రావాలి. క్షయ వంటి కొన్ని దీర్ఘవ్యాధులకు ఇంకా ఎక్కువ కాలం కూడా వస్తుంది. ప్రసవానికి 26 వారాలు. మార్కెట్లో ఏ బీమా కంపెనీ కూడా ఈ ధరకు ఇంత ఇవ్వదు.

మరి అడ్వాన్సుల ఖాతాలో ఆసుపత్రి పద్దులు ఎందుకు? రెండు కారణాలు. ఒకటి యజమానుల చేతిలో ఉన్నది, రెండవది లేదని వారు అనుకుంటున్నది.

మొదటిది అందరికీ తెలిసిన రహస్యమే. పదిమంది ఉంటే చట్టం వర్తిస్తుంది గనుక తొమ్మిదిమందినే చూపే చిన్న సంస్థలున్నాయి. కంట్రాక్టరు మనుషుల మీద తమకేం బాధ్యత అనే పెద్ద సంస్థలున్నాయి. నిజానికి కంట్రాక్టరు ద్వారా వచ్చిన వారి చందా కూడా మొదట కట్టవలసింది అసలు యజమానే. తర్వాత కంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. ఒరిస్సా నుంచి, బీహారు నుంచి వచ్చి మిల్లు క్వార్టర్లలో ఉండే కుర్రాళ్ళకు ఈ కార్డు మరీ అవసరం. అది దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది, ఊళ్ళో ఉన్న వారి కుటుంబానికి కూడా పనికివస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది హాజరు తగ్గించి చూపడం. ఆరు నెలల కాలంలో కనీసం 78 రోజులకు చందా పడితేనే జబ్బు సెలవు డబ్బు వస్తుంది. నెలకు 26 రోజులు పనిచేయించుకుని, 12 రోజులకే చందా కట్టే చోట ఆరు నెలలకు 72 రోజులే అవుతుంది. ఆరు రోజుల తేడాతో ఆ కార్మికునికి మూడు నెలల రక్షణ పోతుంది. యజమానికి మిగిలింది కొద్ది వందలు. తర్వాత అదే కార్మికుడు మంచం పడితే అదే యజమాని వేలల్లో అడ్వాన్సు ఇవ్వవలసి వస్తుంది. ఇది ఏ లెక్కన లాభమో వారే చెప్పాలి.

ఇంకో చిత్రం ఉంది. 2017 జనవరిలో రు. 21,000గా నిర్ణయించిన జీతం పరిమితి దాటితే కార్మికుడు పథకంలోంచి బయటికి వస్తాడు. వెంటనే కాదు, నడుస్తున్న ఆరు నెలల చందా కాలం పూర్తయ్యాక. పాతికేళ్ళ సర్వీసున్న ఫిట్టరుకు దీపావళికి ఐదువందలు పెంచుతారు. అతను సంతోషిస్తాడు. కొన్నాళ్ళకు అతని తల్లికి షుగరు మందులు ఆగిపోతాయి. జీతం పెంచే ముందే అటువంటి వారి పేర్లు రాసుకుని, బయటికి వచ్చే తేదీకి మిల్లు తరఫున గ్రూపు బీమా సిద్ధం చేయడం పెద్ద పని కాదు. ఆఫీసులో ఒక మనిషికి ఒక పూట పని.

ఇక రెండవ కారణం. ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీలో మందులుండవని, డాక్టరు దొరకడని, పెద్ద జబ్బయితే విజయవాడ గుణదల ఆసుపత్రికి పరుగెత్తాలని, అందువల్ల చందా కట్టి కూడా ప్రైవేటు ఆసుపత్రి బిల్లులు భరించవలసి వస్తున్నదని యజమానులంటారు. ఈ ఫిర్యాదులో నిజం ఉంది. మందుల కొనుగోళ్ళలో అక్రమాల మీద 2019లో తెలంగాణలోను, 2020లో ఆంధ్రప్రదేశ్‌లోను అవినీతి నిరోధక శాఖ కేసులు పెట్టి అరెస్టులు జరిపింది. కార్మికులు, యజమానులు కట్టిన చందాల నుంచి వచ్చిన సొమ్మే అది. కానీ విద్యుత్ చార్జీలు పెరిగితే మంత్రుల దగ్గరికి ప్రతినిధి వర్గాలను పంపే సంఘాలు, డిస్పెన్సరీలో బి.పి. మాత్రలు లేవని ఎన్నిసార్లు వెళ్ళాయి? కార్పొరేషన్‌లో యజమానుల ప్రతినిధులకు చట్టమే 10 స్థానాలిచ్చింది. కార్మికులకూ పదే. డబ్బులో సింహభాగం తమది, కుర్చీ కూడా తమకున్నది, అయినా పథకం పాడైందని పక్కకు తప్పుకోవడం వ్యాపారస్తుల లక్షణం కాదు. పత్తి బేలులో తూకం తగ్గితే వారు ఊరుకుంటారా?

చేయవలసింది కష్టమైనదేమీ కాదు. ప్రతి మిల్లులోను టైమ్ ఆఫీసులో ఒక నోటు పుస్తకం పెట్టాలి. డిస్పెన్సరీకి వెళ్ళివచ్చిన కార్మికుడు ఏ మందు దొరికింది, ఏది లేదన్నారు, డాక్టరు ఉన్నాడా లేడా చెబితే గుమాస్తా రాస్తాడు. నెలాఖరుకు మిల్లులన్నీ వాటిని కలిపి జిల్లా సంఘం ద్వారా పై అధికారులకు పంపితే అది ఎవరూ తోసిపుచ్చలేని కాగితం అవుతుంది. ఒంటరి కార్మికుని గోడు కిటికీ దగ్గరే ఆగిపోతుంది.

గ్రూపు బీమా తీసుకున్న సంస్థలకూ ఇదే మాట. క్లెయిములు పెరిగిన ఏడాది తర్వాత కంపెనీ ప్రీమియం పెంచుతుంది. ‘బీమా ఉందా?’ అన్న ప్రశ్న కౌంటరు దగ్గర పడగానే బిల్లు బరువెక్కడం గుంటూరు కొత్తపేట, అరండల్‌పేట వీధులు తెలిసిన వారికి వింత కాదు. పది సంస్థలు కలిసి ఒక ఆసుపత్రితో సాధారణ ఆపరేషన్లకు రేట్లు ముందే రాయించుకుంటే ఆ బరువు కొంత దిగుతుంది. ఒక్క మిల్లు అడిగితే వినని వారు పది మిల్లులు అడిగితే వింటారు.

అయితే బిల్లు తగ్గించుకోవడం కంటే జబ్బు తగ్గించడం చవక. మిల్లు యజమాని చేతిలో పూర్తిగా ఉన్నది అదే. బ్లోరూములో, కార్డింగులో ఎగిరే పత్తి దుమ్ము పీల్చే కార్మికులకు ‘బిసినోసిస్’ అనే ఊపిరితిత్తుల వ్యాధి వస్తుంది. దీని లక్షణం విచిత్రంగా ఉంటుంది. వారమంతా పనిచేసినప్పటికంటే, సెలవు రోజు ఇంట్లో గడిపి మర్నాడు షిఫ్టు ఎక్కినప్పుడు ఛాతీ బిగుసుకుపోతుంది. మొదట్లో సాయంత్రానికో, మర్నాటికో సర్దుకుంటుంది. మేస్త్రీ ‘రాత్రి ఎక్కువైందిరా?’ అని వేళాకోళం చేస్తాడు. ఏళ్ళు గడిచేకొద్దీ అన్ని రోజులూ అలాగే ఉంటుంది, ఆ తర్వాత ఇక తిరిగిరాదు. తొలిదశలో కనిపెట్టి దుమ్ము లేని శాఖకు మారిస్తే మనిషి నిలబడతాడు. దానికి ఖరీదైన స్కానింగులు అక్కర్లేదు. పనిలో చేరేటప్పుడు ఒకసారి, తర్వాత ఏటా ఒకసారి గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిస్తే చాలు. దుమ్ము పీల్చే యంత్రాలు బాగుచేయించడం, నేలను గాలి గొట్టంతో ఊదడం మానేసి వాక్యూమ్‌తో తీయించడం దీనికి తోడు. చట్టం దృష్టిలో ఇది ప్రకటిత వృత్తి వ్యాధి. అయినా ఆయాసంతో వచ్చిన కార్మికుణ్ణి ‘నీ పని ఏమిటి?’ అని అడిగే డాక్టర్లు అరుదు. ‘బీడీ తాగుతావా?’ అన్నది మాత్రం అందరూ అడుగుతారు.

2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో 40 ఏళ్ళు దాటిన కార్మికులకు యజమాని ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలన్న నియమం చేరింది. దాన్ని ఒక ఆదివారం శిబిరంగా, ఫోటోగా ముగించే ప్రమాదం లేకపోలేదు. బి.పి., షుగరు చూసి కాగితం చేతిలో పెట్టి పంపితే ప్రయోజనం సున్నా. ఎక్కువ ఉన్నట్టు తేలిన వారికి మర్నాటి నుంచే మందు అందుతున్నదా, మూడు నెలలకు మళ్ళీ చూశారా అన్నదే అసలు లెక్క. మన జిల్లాలో మిల్లు క్యాంటీనులో సైతం ఆవకాయ, గోంగూర లేనిదే ముద్ద దిగదు. ఉప్పు తగ్గించండని చెప్పబోయే డాక్టరుకు ధైర్యం కావాలి గాని, చెప్పక తప్పదు.

ఇక ఏ ఖాతాలోనూ పేరు లేనివారున్నారు. పత్తి జిన్నింగు, ప్రెస్సింగు, వేరుశనగ వలుపు మాత్రమే చేసే ఫ్యాక్టరీలను చట్టం ‘సీజనల్’ అని పేరుపెట్టి ఇ.ఎస్.ఐ. నుంచి బయట ఉంచింది. కొత్త కోడ్ కూడా అదే దారిన పోయింది. స్పిన్నింగు మిల్లుకన్నా దుమ్ము జిన్నింగు మిల్లులో తక్కువేమీ కాదు. మిర్చి కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడకూలీల పరిస్థితి మరీ అన్యాయం. వారికి యజమాని ఎవరో కూడా తేలదు. వ్యాపారి మేస్త్రీ వైపు చూపుతాడు, మేస్త్రీ వ్యాపారి వైపు. రోజంతా ఘాటులో కూర్చుంటారు. మరుగుదొడ్డి లేనిచోట నీళ్ళు తాగడమే మానుకుంటారు. వేసవిలో దాని ఫలితం ఆసుపత్రిలో మూత్రకోశ వ్యాధిగా తేలుతుంది. పెద్ద జబ్బయితే ఎన్టీఆర్ వైద్య సేవ ఉందంటారు. ఉంది, మంచిదే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఆ పథకం ముఖ్యంగా జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరాకే ఆదుకుంటుంది. రెండు మరుగుదొడ్లు, ఒక నీళ్ళ కుండ, ముక్కుకు గుడ్డ ఏ పథకమూ ఇవ్వదు. అవి కోల్డ్ స్టోరేజీ యజమాని ఇవ్వవలసినవి.

దసరా వెళ్ళగానే కొత్త పత్తి రావడం మొదలవుతుంది. జిన్నింగు మిల్లులు బెల్టులు సరిచూసి, బేరింగులకు గ్రీజు పట్టించి, మోటార్లు ఆడించి చూసుకునే రోజులవి. యంత్రాలకు ఈ పరీక్షలు జరిగే వారంలోనే, అదే షెడ్డులో, పనిలోకి వచ్చే కూలీల చేత ఒకసారి గొట్టంలోకి ఊదించి ఆ అంకెను హాజరు పట్టీలో పేరు పక్కన రాయించవచ్చు. సీజను చివర మళ్ళీ ఊదించి చూస్తే ఎవరి ఊపిరి ఎంత తగ్గిందో యజమానికే తెలుస్తుంది.